అక్కని కూలి ఎట్ల అడగాల?

సంక్రాంతి పండగప్పుడు అహోబిలం నరసింహస్వామి గుడి వదిలి పల్లకీ ఎక్కుతాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు, తన పెళ్లికి తానే పిలుపులు చెప్పుకుంటూ. పారువేట అంటారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనక చెంచులకు ఆయన బావ. ఆ చనువుతోనే పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. అందమైన ఆచారం, కాదనను. అయితే ఈ ఆలయ నిర్వహణ ఎవరిదన్న వివాదం 2022లో హైకోర్టులో, 2023 జనవరిలో సుప్రీంకోర్టులో నడిచి, మఠానిదేనని తేలింది. నేను చదివినంతలో వాదమంతా మఠానికీ ప్రభుత్వానికీ మధ్యే. బావమరుదులు అందులో ఎక్కడా కనిపించలేదు. ఇంత దగ్గరి వరస ఉండి కూడా!

వరసల గురించి నేనింతగా ఆలోచించడానికి కారణం నా షెడ్డు. ఆళ్లగడ్డ దగ్గర ఆరేళ్లుగా కొర్రబియ్యం, జొన్నరవ్వ, పొడులు తయారుచేసి అమ్ముతున్నాను. పదకొండుమంది ఆడవాళ్లు పనిచేస్తారు. బ్యాంకు కాగితాల్లో అది స్టార్టప్, నేను ఫౌండర్. షెడ్డులో అక్కని. ఆ పిలుపు నేను అడిగి తెచ్చుకున్నది కాదు. మా సీమలో తనకంటే కాస్త పెద్దదాన్ని ఇంకేమని పిలుస్తారు?

రెండో ఏడు, పొట్టు తీసే మిషను దగ్గర పనిచేసే ఒకామె మాటల్లో మాటగా అంది: "యజమాని అయితే కూలి పెంచమని కొట్లాడొచ్చు. అక్కని ఎట్ల అడగాల?"

నాలుగేళ్లుగా ఆ మాట నన్ను వదల్లేదు. టీములు నడపడం గురించి రాసే పుస్తకాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: మనమంతా ఒకే కుటుంబం. కుటుంబం అంటే ఏమిటో మన స్త్రీవాదులు ఇన్నేళ్లుగా చెప్తూనే ఉన్నారు కదా. జీతం లేని చాకిరీకి ప్రేమ అని పేరు పెట్టిన చోటు. అటువంటి మాటని తెచ్చి కూలిచ్చే చోట పెడితే ఎవరికి లాభం? వేళ దాటాక ఇంకో గంట ఉండమన్నప్పుడు అక్క అక్కరకొస్తుంది. వారానికి ఆరు రోజులు నిలబడి పనిచేసే మనిషికి ఆ పిలుపుతో ఒరిగేదేమిటి? మనవైపు సోదరీత్వం గురించి మాట్లాడేటప్పుడు ఈ కూలి సంగతి తక్కువగా వస్తుంది. మనలో ఎక్కువమంది జీతం తీసుకునే వాళ్లమే తప్ప ఇచ్చే వాళ్లం కాకపోవడం వల్ల కాబోలు.

అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే ఇటువంటి సంగతి రాసింది. నాయకులు లేరని చెప్పుకునే బృందాల్లోనూ నాయకులుంటారు, కాకపోతే వాళ్లని ఎవరూ ఎన్నుకోలేదు గనక ఎవరూ దించలేరు అని. ఆమె చూసింది స్నేహితుల గుంపుల్ని. నా షెడ్డులో అధికారం అంత దాగి లేదు. స్థలం నాది, అప్పు పత్రం మీద సంతకం నాది. అక్క అన్న పిలుపు దాని మీద పల్చటి గుడ్డలా పడి ఉంటుందంతే.

మా జిల్లాల్లోనే దీనికి ఇంకో నమూనా ఉంది. 1990ల నడుమ యుఎన్‌డీపీ తోడ్పాటుతో ఓర్వకల్లు మండలంలో పొదుపు సంఘాలు లేచాయి. ఆ ఆడవాళ్లు కూడా ఒకరినొకరు అక్కా, చెల్లీ అనే పిలుచుకున్నారు. కానీ పక్కన పుస్తకం ఉంది. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఏం తీర్మానించారు, అన్నీ అందులో పడాలి. చదువు రాని సభ్యురాలికి చదివి వినిపించాలి. పేచీ వస్తే పుస్తకం తెరుస్తారు. ఆ ఆప్యాయత దేనిమీద నిలబడిందో అక్కడ తెలుస్తుంది నాకు. పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. సంఘం అందరిదీ, షెడ్డు నాది.

అయినా పుస్తకాన్ని తెచ్చుకోవచ్చు. మా గోడకి నల్లబల్ల పెట్టాం. ప్రతి శనివారం కొర్రలు కొన్న ధర, కరెంటు బిల్లు, అమ్మకాలు, బ్యాంకు కంతు, కూలి, నేను తీసుకునేది, అన్నీ రాస్తాం. మొదటి నెల అందరూ చూసి ఊరుకున్నారు. మూడో నెల ఒకామె "నీకెందుకంత?" అని అడిగింది. నష్టమొస్తే బ్యాంకువాళ్లు వచ్చేది మా ఇంటికే అన్నాను. "సరే, లాభమొస్తే?" అంది. ఆ ఏడాది కూలి పెరిగింది. నన్ను అక్కా అనడం మానలేదు, అడగడమూ మానలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. రాళ్లు ఏరే దగ్గర ఒక పెద్దామె ఉంది, నేను చిన్నమ్మా అంటాను. నిరుడు ఆమె చూపు మందగించింది. బియ్యంలో రాళ్లున్నాయని రెండు షాపులు సరుకు తిప్పి పంపాయి. లెక్క అందరిదీ అన్నాక నిర్ణయం కూడా అందరిదీ కావాలి గదా. శనివారం సమావేశంలో మాట ఎత్తితే వయసులో ఉన్నవాళ్లు నలుగురు సూటిగా చెప్పారు, "పంపించెయ్ అక్కా, మా కూలికి దెబ్బ." చిన్నమ్మ అక్కడే కూర్చుని వింటోంది.

నేను అసలు రాయదలచుకున్నది ఇక్కడుంది. అధికారం పంచడం మంచిదే. కానీ కఠినమైన పని మాత్రమే పంచితే? వాళ్లు చెప్పారు, నేను చేశాను అని చేతులు దులుపుకునే సౌకర్యం యజమానికి దొరుకుతుంది. వాళ్లు కఠినంగా ఎందుకున్నారో నాకు తెలుసు, వాళ్ల వెనక ఎకరం పొలమూ లేదు. కఠినంగా ఉండనవసరం లేని స్థితిలో ఉన్నది నేనొక్కదాన్నే. కనక ఈ ఒక్క నిర్ణయం ఓటుకు పెట్టనని చెప్పాను. చిన్నమ్మని పొట్లాలు కట్టే దగ్గర కూర్చోబెట్టాం. చేతి వేగం సగం, కూలి మొత్తం.

ఇది న్యాయమో, అక్కరికమో నాకింకా తేలలేదు. శనివారం సుద్దముక్క పట్టుకున్న అమ్మాయి ఆగి అడిగింది, "చిన్నమ్మ మిగతా సగం ఏ కింద రాయాల? కూలి కిందనా, ధర్మం కిందనా?" పెద్దామె గట్టిగా అంది, "ధర్మమైతే నాకొద్దు." కూలి కిందే రాశాం.

తర్వాతి శనివారం, మూడో నెల గర్భంతో ఉన్న ఇంకో అమ్మాయి లేచి, తన కాన్పు రోజులు ఏ కింద రాస్తారని అడిగింది. లెక్క కడుతున్నాం.