ఇస్త్రీ చొక్కాలో నిజాయితీ

ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లే మనిషి ఆ ఒక్క పూటకు రోజూ లేని రూపంలో కనిపిస్తాడు. లుంగీ కట్టి అరటితోటలో తిరిగే కొల్లూరు లంకల కుర్రవాడు తెనాలిలోనో గుంటూరులోనో ఇంటర్వ్యూ ఉందంటే గడ్డం గీసుకుని, చొక్కా టక్ చేసి, స్నేహితుడి బూట్లు అడిగి వేసుకుని బస్సెక్కుతాడు. ఇది మర్యాదా, మోసమా అన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. ఉద్యోగాలూ ఇంటర్వ్యూలూ లేని కాలంలోనే మన ధర్మగ్రంథాలు దీన్ని పట్టించుకున్నాయి.

భగవద్గీత పదిహేడో అధ్యాయం శుచిని, నిష్కపటత్వాన్ని పక్కపక్కనే పెట్టి రెండింటినీ శరీరంతో చేసే తపస్సుగా చెప్పింది. ఎదుటివారి మనసు నొప్పించని సత్యవాక్కు మాటతో చేసే తపస్సు. గౌరవం కోసం దంభంతో చేసే తపస్సు మాత్రం రాజసమనీ, అది నిలవదనీ అదే అధ్యాయం తేల్చింది. చేసే పని ఒకటే అయినా ఉద్దేశాన్ని బట్టి విలువ మారుతుందన్నమాట. ఉన్న చొక్కాను ఉతికి ఇస్త్రీ చేసుకోవడం శుచి. లేని హోదా చూపించడానికి అప్పు చేసి కోటు కుట్టించుకోవడం దంభం. అరువు బూట్లలో తప్పేమీ లేదు, ఎవరివని అడిగితే దాచకుండా చెప్పగలిగితే చాలు.

కొల్లూరుకు పొరుగునే ఉన్న భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో శాసనాలున్న ధాతు కరండాలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వమే ఈ కృష్ణా డెల్టాలో బౌద్ధం వేళ్లూనుకుందనడానికి అవి సాక్ష్యం. ఆ మతం నడవడికను చిన్న విషయంగా చూడలేదు. పాళీ వినయపిటకంలో భిక్షువులకు 75 సేఖియ నియమాలున్నాయి: వస్త్రం అంచులు సమంగా ఉండేలా కట్టుకోవాలి, ఊళ్లోకి ఒళ్లు కప్పుకుని వెళ్లాలి, పకపకా నవ్వకూడదు. అస్సజి అనే భిక్షువు రాజగృహంలో భిక్షకు తిరుగుతుంటే, ఆ నడకలోని, చూపులోని నెమ్మది గమనించి సారిపుత్తుడనే పరివ్రాజకుడు వెంట నడిచాడు. అయినా వెంటనే ప్రశ్న వేయలేదు. భిక్ష పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు అడిగాడు. కనిపించినవాడికే కాదు, చూసినవాడికీ మర్యాద తెలుసు.

రామాయణంలోని కిష్కింధకాండ ఈ చర్చను మరింత లోతుకు తీసుకెళ్తుంది. హనుమంతుడు రామలక్ష్మణుల దగ్గరికి భిక్షువు వేషంలో వచ్చాడు. అది నిజంగా మారువేషమే. కానీ సుగ్రీవుడు పంపగా అలా వచ్చానని తానే చెప్పేశాడు. రాముడు మెచ్చుకున్నది ఆ మాటతీరునే: సాగదీయలేదు, తడబడలేదు, గొంతు హెచ్చలేదు, తగ్గలేదు, కనుబొమల్లో సైతం వికారం లేదు. వేషం గురించి ఒక్క మాట లేదు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు గోత్రం తెలియదని, తల్లి చెప్పింది చెప్పినట్టు హారిద్రుమత గౌతముడికి విన్నవించాడు. సత్యం తప్పలేదన్న ఒక్క కారణంతో గురువు చేర్చుకున్నాడు. రెజ్యూమెలో లేని అనుభవం రాసుకునే అభ్యర్థికి ఈ కథ సూటిగా తగులుతుంది.

నడవడికలో తెలుగువారికి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. పెద్దల ముందు చేతులు కట్టుకుని, తల వంచి, అడిగినదానికే బదులివ్వడం ఇంట్లో నేర్చిన వినయం. ఇంటర్వ్యూ గదిలో అదే భయంగా, బెరుకుగా కనిపిస్తుంది. తలుపు దగ్గర ఆగి లోపలికి రావచ్చా అని అడగడం, కూర్చోమన్నాక కూర్చోవడం, కళ్లలోకి చూసి జవాబివ్వడం, తెలియనిది తెలియదనడం పెద్దరికాన్ని ధిక్కరించడం కాదు. వినయానికి చోటును బట్టి రూపం మారుతుంది. మారకూడనిది ఎదుటివారి పట్ల గౌరవం. ఇది పల్లె పిల్లలకు ముందే ఎవరో ఒకరు చెప్పాలి.

బాధ్యత అంతా అభ్యర్థి మీదే మోపడం అన్యాయం. మహాభారతం వనపర్వంలో అష్టావక్రుణ్ణి, చిన్నపిల్లవాడని, జనకుడి యజ్ఞశాల ద్వారపాలకుడు ఆపాడు. తల నెరిసినంత మాత్రాన పెద్దవాడు కాడని బాలుడు వాదించి, లోపలికి వెళ్లి వంది అనే పండితుణ్ణి వాదంలో గెలిచాడు. బట్టలు చూసి మార్కులు వేసే ఇంటర్వ్యూ బోర్డు ఆ ద్వారపాలకుడి కంటే తక్కువ పని చేస్తున్నట్టే, ఎందుకంటే అతను కనీసం పిల్లవాడి మాట విన్నాడు. శుభ్రతను కోరడం బోర్డు హక్కు, ఖరీదును కొలవడం కాదు. నలిగిన చొక్కాతో వచ్చినవాడు తెల్లవారుజామున రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, నిలబడే వచ్చి ఉండవచ్చు. మొదటి ప్రశ్నగా ప్రయాణం ఎలా జరిగిందని అడగడానికి బోర్డుకు అర నిమిషం చాలు.