ముసవీ విషయంలో ఒక సందేహం

నిర్బంధంలో మగ్గినవాణ్ణి విమర్శించడం మర్యాద కాదని కొందరు మిత్రులంటారు. మర్యాద వేరు, నైతిక విచారణ వేరు. ఇరాన్ సంస్కరణవాది మీర్ హొసేన్ ముసవీ 2009 అధ్యక్ష ఎన్నికలో, అధికారిక లెక్క ప్రకారం, 34 శాతం ఓట్లతో ఓడాడు. ఆ లెక్కను నమ్మక వీధులకెక్కిన లక్షలాది ప్రజలకు నాయకుడయ్యాడు. 2011 ఫిబ్రవరిలో ఆయననూ, భార్య జహ్రా రహ్నవర్ద్‌నూ విచారణ లేకుండానే గృహనిర్బంధంలో ఉంచారు. ఆయన ధైర్యాన్ని నేను కాదనను.

కాని 1981 నుండి 1989 దాకా ఇరాన్ ప్రధాని కూడా ఈయనే. ఇరాక్‌తో యుద్ధం సాగినంత కాలం కూపన్ల మీద నిత్యావసరాలు పంచిపెట్టించాడు, ధరలను ప్రభుత్వం చేతిలో ఉంచాడు. బజారు వర్తకులకది గిట్టలేదు. అందుచేత ఆయన పక్షాన్ని వామపక్షమన్నారు. మన చెవికి ఇంపైన పేరే! చిక్కంతా అక్కడే ఉంది. ఆ 'వామపక్ష' ప్రధాని హయాంలోనే, 1983లో, తూదే పార్టీని నిషేధించారు. 1988 వేసవిలో ఖొమేనీ ఆజ్ఞపై జైళ్లలో వేలమందిని రహస్యంగా చంపారు. మొదట ముజాహిదీన్‌లను, తరువాత కమ్యూనిస్టులను. ముస్లిమువా, నమాజు చేస్తావా అని అడిగి, జవాబును బట్టి ఉరితీశారు. వారిలో చాలామంది అప్పటికే శిక్ష అనుభవిస్తున్నవారు. టెహరాన్ శివారున ఖావరాన్‌లో ఎందరినో పేరులేని గోతులలో పూడ్చారు.

ఈ హత్యలు ముసవీ చేయించాడని నేననను. న్యాయస్థానాలు ప్రధాని చేతిలో లేవు. ఆయనకు తెలియదని వాదించేవారూ ఉన్నారు. ఖైదీల ప్రాణాలు నిర్ణయించిన సంఘంలో గూఢచారి శాఖ ప్రతినిధి కూర్చున్నాడు, ఆ శాఖ ముసవీ మంత్రివర్గంలోనిదే. పైగా ఆ డిసెంబరులోనే ఆస్ట్రియా టెలివిజన్‌లో, కుట్రను అణచక తప్పలేదని సమర్థించాడు. తెలియనిదాన్ని సమర్థించడమెట్లా?

మాట్లాడితే ఏమయ్యేదో మోంతజరీని చూస్తే తెలుస్తుంది. ఆయన మతాచార్యుడు, ఖొమేనీ వారసుడుగా నిర్ణయమైనవాడు. చంపవద్దని ఉత్తరాలు వ్రాశాడు. 1989 మార్చిలో వారసత్వం పోయింది. ముసవీ కూడా 1988 సెప్టెంబరులో రాజీనామా ఇచ్చాడు, ఖొమేనీ అంగీకరించలేదు. అయితే ఆ ఉత్తరంలోని ఫిర్యాదు తనకు తెలియకుండా నడుస్తున్న విదేశ వ్యవహారాల గురించి, ఖైదీల గురించి కాదు. అంటే రాజీనామా చేయగల మనిషే. దేనికోసం చేయాలో ఎంచుకొన్నాడు.

2009 ఉద్యమంలో కూడా ఖొమేనీ కాలాన్ని స్వర్ణయుగమనే అన్నాడు. 2023 ఫిబ్రవరిలో మాత్రం కొత్త రాజ్యాంగం కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలన్నాడు. పెద్ద మార్పే. విచారణ లేని నిర్బంధాన్ని ఖండించే కాగితం తెస్తే నేను సంతకం పెడతాను. అందులో 'వామపక్ష ప్రధాని' అని వ్రాసి ఉంటే మాత్రం, ఆ మాట కొట్టివేసి పెడతాను.