స్నేహం ఖరీదు ఎవరు కట్టాలి?

మావాడు ఎనిమిదో క్లాసులో ఉన్నప్పటి మాట. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగాడు. "నాన్నా, నీ బెస్ట్ ఫ్రెండ్ తప్పు చేశాడని నీకొక్కడికే తెలుసనుకో. టీచర్ అడిగితే చెప్తావా?"

"చెప్పాలి మరి. నిజం చెప్పడానికి అంత ఆలోచన దేనికి?" అన్నాను పెరుగు కలుపుకుంటూ.

"అయితే నువ్వు లాయల్ కాదన్నమాట" అని తీర్పు చెప్పేసి, కంచం సింకులో పడేసి మేడ మీదికి వెళ్లిపోయాడు. మా ఆవిడ నవ్వింది. నాకెందుకో నవ్వు రాలేదు.

సంగతేమిటంటే, స్కూల్లో వాళ్లకి 'ది అవుట్‌సైడర్స్' అనే నవల ఇచ్చారు. అందులో కుర్రాళ్ల విశ్వాసం గురించి, ధైర్యం గురించి వ్యాసం రాయాలిట. నేను ఇంజనీరింగ్ అయ్యాక ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చినవాణ్ణి. కంప్యూటర్ సైన్సు పుస్తకాలు తప్ప ఈ దేశపు పిల్లలు చదివే పుస్తకాలు నాకు తెలియవు. పోనీ చూద్దామని వాడి పుస్తకం సంచీలో వేసుకున్నాను. ప్లెయిన్స్‌బరోలో ఉంటూ న్యూయార్కులో పనిచేసే మాబోటి వాళ్లకి ప్రిన్స్‌టన్ జంక్షన్ రైలే గ్రంథాలయం. పోనూ రానూ రెండు రోజుల్లో అయిపోయింది.

ఎస్.ఇ. హింటన్ ఈ నవల మొదలుపెట్టినప్పుడు ఆవిడ వయసు పదిహేనేళ్లు. ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా ఊరు. 1967లో అచ్చయ్యేనాటికి పద్ధెనిమిది. మగపిల్లల కథని ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు చులకన చేస్తారేమోనని ప్రచురణకర్తలు పేరుని పొడి అక్షరాలు చేయించారు. 1983లో కొప్పోలా సినిమా తీశాడు. 2024లో బ్రాడ్‌వే మీద సంగీత నాటకంగా వచ్చి టోనీ అవార్డు కూడా కొట్టింది.

కథ చిన్నదే. ఊళ్లో తూర్పు వైపు పేదపిల్లలు గ్రీజర్లు, పడమటి వైపు డబ్బున్న పిల్లలు సోష్‌లు. కథ చెప్పే పోనీబాయ్‌కి పద్నాలుగేళ్లు. అమ్మానాన్నా కారు ప్రమాదంలో పోతే ఇరవయ్యేళ్ల అన్న చదువు మానుకుని తమ్ముళ్లని పోషిస్తుంటాడు. ఒకరాత్రి సోష్‌లు పోనీబాయ్ తలని ఫౌంటెన్ నీళ్లలో ముంచి చంపబోతే, అతని నేస్తం జానీ భయంతో కత్తి తీస్తాడు. బాబ్ అనే సోష్ చచ్చిపోతాడు. ఇద్దరూ పారిపోయి ఒక పాత చర్చిలో దాక్కుంటారు.

చదువుతున్నంతసేపూ నేను గ్రీజర్ల పక్షమే. ఎందుకంటే, మేమూ అంతేగా! 2000ల మొదట్లో ఇక్కడి అపార్ట్‌మెంట్లో రెండు గదుల్లో నలుగురం ఉండేవాళ్లం. నలుగురికీ కలిపి ఒక పాత కరోలా. ఒకడి ప్రాజెక్టు పోయి ఐదు నెలలు ఖాళీగా కూర్చుంటే, వాడి వాటా అద్దె ముగ్గురం పంచుకుని కట్టాం. ఎవరూ లెక్క రాసుకోలేదు. ఇంతకంటే లాయల్టీ ఏం కావాలి? మావాడికి ఈ కథ చెప్పి, రాత్రి పోయిన పరువు దక్కించుకుందామని కూడా అనుకున్నాను.

కానీ నవల చివరి భాగంలో ర్యాండీ అనే కుర్రాడు వస్తాడు. సోష్. చచ్చిపోయిన బాబ్‌కి ప్రాణస్నేహితుడు. రెండు ముఠాలూ కొట్టుకునే రోజున నేను రానని తప్పుకుంటాడు. ఆ తర్వాత కోర్టు విచారణకి ముందు పోనీబాయ్ ఇంటికొచ్చి, వాళ్ల నాన్న నిజం చెప్పమన్నాడని చెప్తాడు. అక్కడ పుస్తకం మూసేశాను. రైలు మెట్రోపార్క్ దాటింది. నాకు హాస్టల్ గుర్తొచ్చింది.

కోస్తాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. 2000 సంవత్సరం. పక్క గదిలో పరీక్ష ఫీజు డబ్బు పోయింది. తీసింది మా రూమ్మేటే. పేకాటలో పోగొట్టుకున్నాడు. సాయంత్రానికల్లా మా ముగ్గురికీ తెలిసింది. కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. వాళ్ల నాన్న బడిపంతులు, తెలిస్తే బతకడు అన్నాడు. ఎవరికీ చెప్పమని ఒట్టు వేశాం.

మర్నాడు వార్డెన్ అందర్నీ నిలబెట్టి అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆ గదుల్లోకి టీ తెచ్చే మెస్సు కుర్రాడి మీదికి పోయింది అనుమానం. వాడికి మాకంటే నాలుగైదేళ్లు తక్కువుంటాయి. మెస్సు కాంట్రాక్టరు మా ఎదురుగానే చెంప మీద కొట్టి, ఆ నెల జీతం పట్టుకుని, పొమ్మన్నాడు. గుడ్డసంచీ భుజాన వేసుకుని బస్టాపు వైపు వెళ్తుంటే రెండో అంతస్తు వరండాలోంచి చూశాం. మేం నలుగురం.

ఆ తర్వాత చాలా ఏళ్లు అదొక గొప్ప స్నేహం కథలా అనిపించేది. ఒట్టు తప్పలేదు కదా! రైల్లో కూర్చుని మొదటిసారి లెక్క వేశాను. గ్రీజర్ల స్నేహానికి దెబ్బలూ ఆకలీ చావూ వాళ్లే భరించారు. అద్దె కట్టినప్పుడు మా స్నేహానికి మేమే డబ్బు కట్టాం. హాస్టల్లో మా స్నేహానికి ఒక నెల జీతం, ఒక ఉద్యోగం, ఒక చెంపదెబ్బ కట్టింది మెస్సు కుర్రాడు. ఆ ఊళ్లో గ్రీజర్ వాడు. మేం సోష్‌లం.

మనకి స్నేహం అనగానే కర్ణుడు గుర్తొస్తాడు. 1977లో 'దాన వీర శూర కర్ణ' చూసి కన్నీళ్లు పెట్టుకున్న తరం మా నాన్నగారిది. నిండు సభలో కులం అడిగి అవమానిస్తే అంగరాజ్యం ఇచ్చి నిలబెట్టినవాణ్ణి, తన జన్మరహస్యం తెలిశాక కూడా వదల్లేదు. దానికి ప్రాణమే ఇచ్చాడు. అక్కడికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ జూదసభలో ద్రౌపదిని నానా మాటలన్నప్పుడు? అదీ దుర్యోధనుడి మీది విశ్వాసమే. ఆ రోజు దాని ఖరీదు కట్టింది కర్ణుడు కాదు, ద్రౌపది. ఒకే మనిషి, ఒకే స్నేహం. ఖరీదు ఎవరి మీద పడిందన్నదాన్ని బట్టి ఒకచోట గొప్పది, ఇంకోచోట నీచమైంది.

మరి ధైర్యం? జానీ ధైర్యమంటే అందరూ మంటల్లోంచి చిన్నపిల్లల్ని కాపాడటం చెప్తారు. నిజమే. కానీ ఆ మంటలు చూడకముందే, వెనక్కి వెళ్లి పోలీసులకి లొంగిపోతానని చెప్తాడు. తన కోసం పోనీబాయ్ ఎన్నాళ్లు దాక్కుంటాడు, వాడి అన్నలు ఎంత బెంగపడుతుంటారు అని. తన బాకీ నేస్తం మీద వేయకుండా తానే తీర్చుకుందామనుకోవడం. నాకు ఇదే పెద్ద ధైర్యమనిపించింది. మా రూమ్మేటుకి అది లేదు. ఇప్పుడంటున్నాను గానీ, నాకూ లేదు. వాణ్ణి పట్టించనక్కర్లేదు. "నువ్వే వెళ్లి ఒప్పుకో, పక్కన నేను నిలబడతాను, ఫీజు డబ్బు నలుగురం సర్దుదాం" అనడానికి కూడా నోరు రాలేదు. స్నేహాన్నీ నిజాన్నీ రెంటినీ నిలబెట్టే దారి ఒకటుందని పంతొమ్మిదేళ్ల వయసులో తట్టలేదనుకుంటే సుఖంగా ఉంటుంది. తట్టిందేమో, భయపడ్డానేమో!

ఆ ఆదివారం మావాడికి అంతా చెప్పాను. నిజం చెప్పాలని వాడికి చెప్పే అర్హత, నాది నేను చెప్పుకున్నాకే కదా వచ్చేది. వాడు మధ్యలో మాట్లాడలేదు. చివర్న అడిగాడు.

"ఆ అబ్బాయి పేరేంటి?"

హాస్టల్లో అందరం "చిన్నా" అని కేకేసేవాళ్లం. ఆ కేకకి టీ వచ్చేది. అసలు పేరు ఎవరం అడగలేదు. పోనీబాయ్ అన్న వింత పేరు కూడా జనన పత్రంలో ఉన్న పేరేనని ఆ నవల్లో పోనీబాయ్ చెప్తాడు. రెండేళ్లు నాకు టీ తెచ్చిచ్చిన కుర్రాడి పేరు నాకు తెలియదు.

"తెలీదు నాన్నా" అన్నాను.

రూమ్మేటు ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నాడు చివరికి. పెట్టేశాక గంటకి మళ్లీ వాడే చేశాడు. "ఆ మెస్సు కాంట్రాక్టరు పేరు నీకేమైనా గుర్తుందా?" అని.

నాకు గుర్తుంది. అక్కణ్ణించి మొదలుపెట్టాలి.