ఉన్నదున్నట్టుగా

పాత వర్చువల్ మెషీన్‌ని క్లౌడ్‌లోకి మార్చాలి అనగానే నా మనసు డిస్క్ ఇమేజ్ వైపే పోతుంది. కొత్త సర్వర్ పెట్టుకుని, కావలసినవి వేసుకుని, డేటా ఒక్కటే తెచ్చుకోవడం మంచి పద్ధతని నాకూ తెలుసు. అయినా దాని వీఎండీకే డిస్క్ ఫైలును ఉన్నదున్నట్టుగా ఎక్కించేయాలనిపిస్తుంది. ఎందుకిలా?

టైమ్ కలిసొస్తుందని చెప్పుకుంటాను. అది పూర్తి నిజం కాదు. అజూర్‌కి ఫిక్స్‌డ్ వీహెచ్‌డీయే కావాలి, సైజు మెగాబైట్ల లెక్కకు సరిగ్గా తెగాలి. అమెజాన్‌లో ఫైలును ముందు ఎస్3 బకెట్‌లో పెట్టి, వీఎంఇంపోర్ట్ రోల్‌కి అనుమతులివ్వాలి. ఆ తర్వాత బూట్ సంగతి. వీఎంవేర్ మీద నడిచిన లైనక్స్‌కి కొత్తచోట డిస్కు కనపడాలంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఎన్‌వీఎంఈ, విర్టియో లాంటి డ్రైవర్లు ముందే ఉండాలి. ఎఫ్‌స్ట్యాబ్‌లో ఎస్‌డీఏ అని రాసుంటే ఆ పేరు అక్కడ ఉండకపోవచ్చు, యూయూఐడీ రాయాలి. క్లౌడ్ పేజీలో మెషీన్ రన్నింగ్ అనే ఉంటుంది, లోపల కెర్నల్ రూట్ దొరక్క ఆగిపోయి ఉంటుంది. సీరియల్ కన్సోల్ తెరిస్తేగానీ తెలియదు.

ఇంత కష్టం కంటే కొత్తగా కట్టుకోవడమే తేలికైన సందర్భాలున్నాయి. అప్పుడు కూడా ఇమేజ్ వైపే మొగ్గుతున్నానంటే, ఆ మెషీన్‌లో ఏముందో నాకు పూర్తిగా తెలియదన్న భయమే కారణం. ఎవరో క్రాన్‌లో పెట్టిన స్క్రిప్టు, చేత్తో దిద్దిన కాన్ఫిగ్, ఎందుకుందో ఎక్కడా రాయని లైబ్రరీ. కొత్తగా కట్టాలంటే ప్రతిదానికీ నేను కారణం చెప్పగలగాలి. ఇమేజ్ నన్నేమీ అడగదు.

అడగకుండానే అన్నీ మోసుకొస్తుంది. మానేసి వెళ్లినవాళ్ల ఎస్‌ఎస్‌హెచ్ కీలు, బ్యాష్ హిస్టరీలో మిగిలిన పాస్‌వర్డులు, తీసేశామనుకున్న ఫైళ్ల బ్లాకులు. ఈ చివరిది తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. అవి జనం నమ్మి ఇచ్చిన వివరాలు కావచ్చు. ఇంపోర్ట్ అయిపోయాక కూడా బకెట్‌లో కాపీ అలాగే ఉంటుంది, మనం తీసేస్తేనే పోతుంది. నాకు తెలియనిదాన్ని తెలుసుకోకుండా దాటేయడానికి వాళ్ల వివరాలను ఇంకోచోటికి చేర్చే హక్కు నాకెక్కడిది?

అందుకే ఇప్పుడు ఎక్కించేముందు ఇమేజ్‌ని లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్‌తో రీడ్ ఓన్లీగా తెరిచి, ఈటీసీ నుంచి మొదలుపెట్టి చదువుతున్నాను. కాపీ మీద విర్ట్-సిస్‌ప్రెప్ నడిపితే హోస్ట్ కీలు, హిస్టరీ, లాగులు తుడిచేస్తుంది. డిఫాల్ట్‌గా నడిపితే యూజర్ల క్రాన్ పనుల్నీ తీసేస్తుంది, అవి ఎవరికోసం నడుస్తున్నాయో దానికి పట్టదు. ఎవరికోసమో పాతవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవలసిందే. ఆ ఫోన్ చేయడానికి నాకిప్పటికీ మొహమాటమే.