తేజ కారం, బ్యాడిగి రంగు

గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే దారిలో, పెద్ద రోడ్డు దిగి నాలుగు మైళ్లు లోపలికి పోతే, నల్లరేగడి మధ్యన ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక మిరపకాయల వ్యాపారి ఉండేవాడు. చుట్టుపక్కల కల్లాల్లో కాయ కొని గుంటూరు యార్డుకి తోలడం ఆయన పని. చదువు అంతంత మాత్రమే కానీ కాయను చదవడంలో ఆయన్ని మించినవాడు ఆ దరిదాపుల్లో లేడు. టిక్కీ అనే కాయల బస్తా ముందు వంగి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేవాడు. గింజలు గలగలమంటే ఎండిన కాయ. చప్పుడు లేకపోతే, పది ఎండలు తగిలాయని రైతు ఒట్టేసినా లోపల తేమ ఉన్నట్టే. తరవాత కాయను తుంచి చూసేవాడు. ఫెళ్లున విరిగితే ధర చెప్పేవాడు, మెత్తగా వంగితే లేచి చేతులు దులుపుకునేవాడు.

విత్తనాలు కొనే రోజుల్లో రైతులు సలహాకి ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్లు. ఎవరొచ్చినా ముందు ఒకటే అడిగేవాడు, కారం కోసం అమ్ముతావా, రంగు కోసం అమ్ముతావా అని. కారానికైతే తేజ వెయ్యమనేవాడు, రంగుకైతే బ్యాడిగి. ఒకసారి ఒక కుర్ర రైతు తేజ కారమూ, బ్యాడిగి రంగూ ఒకే చెట్టున కాయించే విత్తనం ఎక్కడ దొరుకుతుందో చెప్పమని పట్టుబట్టాడు. వ్యాపారి పడీ పడీ నవ్వాడు. ఆ ముచ్చట యార్డులో కనిపించినవాళ్లందరికీ చెప్పి నవ్వించాడు కూడా.

ఫిబ్రవరి వచ్చిందంటే ఏప్రిల్ దాకా ఆయనకి పగలూ రాత్రీ ఒకటే. అమ్మిన డబ్బు గుడ్డసంచిలో పెట్టి, సంచి మోటార్ సైకిల్ ట్యాంకు మీద కట్టి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. ముప్ఫై ఏళ్లు అలాగే గడిచింది. ఒక ఏడు మాత్రం పక్క ఊరి పత్తి వ్యాపారిని జిన్నింగ్ మిల్లు దారిలో ఎవరో ఆపి సంచి లాక్కుపోయారు. మనిషికి దెబ్బ తగల్లేదు, పోయింది పెద్ద మొత్తమూ కాదు. కానీ ఆ మాట ఊళ్లు తిరిగి తిరిగి ఈ ఊరు చేరేసరికి సంచి మూటయింది, ఇద్దరు దొంగలు ఆరుగురయ్యారు. ఆ రాత్రి నుంచి మన వ్యాపారికి కంటిమీద కునుకు లేదు.

తుపాకీ ఆలోచన అలా పుట్టింది. అయితే దాని వెనక ఇంకొకటి నక్కి ఉంది. చిన్నప్పుడు నాన్న వెంట కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లి, ప్రభలు చూడ్డం మానేసి, బుడగలు పేల్చే కొట్టు దగ్గర గాలి తుపాకీ పట్టుకుని నిలబడిపోయాడు. పది గుళ్లకి ఏడు బుడగలు పేల్చాడు. కొట్టువాడు భుజం తట్టాడు. అరవై ఏళ్లకి దగ్గరపడినా ఆ తట్టిన చెయ్యి ఇంకా భుజం మీదే ఉన్నట్టుండేది. ఇప్పుడు తుపాకీ కొంటే నడుము దగ్గర డబ్బుకి కాపలా, ఆదివారం పూట సరదా, రెండూ తీరతాయని లెక్క వేసుకున్నాడు.

లెక్క బాగానే ఉంది కానీ మన దేశంలో తుపాకీ అంగట్లో బెల్లం కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది, 2016 నాటి నియమాలున్నాయి. కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టాలి, పోలీసులు వచ్చి విచారించాలి, తుపాకీని భద్రంగా వాడటం నేర్చుకున్నట్టు శిక్షణ కాగితం జతచెయ్యాలి. దరఖాస్తులో తుపాకీ ఎందుకో రాయమని ఒక గడి ఉంటుంది. వ్యాపారి అందులో ఆత్మరక్షణ అని రాశాడు. రాస్తున్నంత సేపూ కళ్ల ముందు బుడగలు ఆడుతూనే ఉన్నాయి. మిరప నారు పోసినప్పుడు పెట్టిన దరఖాస్తుకి కాయ కోతలప్పుడు లైసెన్సు చేతికొచ్చింది.

ఆయన నగరంలో లైసెన్సు ఉన్న దుకాణానికి వెళ్లాడు. సినిమాల్లో చూసిన తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలు అడిగాడు. అది మామూలు జనానికి నిషేధించిన కొలత అనీ, తనబోటివాళ్లకి పాయింట్ ముప్ఫైరెండు, పాయింట్ ఇరవైరెండు వంటివే దొరుకుతాయనీ తెలుసుకున్నాడు. దుకాణదారు అద్దాల బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి గురి పందేలకి వాడే పాయింట్ ఇరవైరెండు పిస్తోలు, పొడుగు గొట్టం, చేతికి నిండుగా బరువు. రెండోది కాన్పూరు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన నిర్భీక్ రివాల్వర్, ఆరు తూటాలది, బరువు అర కిలో. అది బయటికొచ్చిన ఏడాదే ధర లక్షా ఇరవై వేలకి పైమాట.

దుకాణంలో ఒక మూల రిటైరైన హవల్దారు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎవరూ అడక్కపోయినా రెండింటి సంగతీ ఆయనే విప్పి చెప్పాడు. గొట్టం పొడుగైతే ముందు గురికీ వెనక గురికీ మధ్య ఎడం ఎక్కువ, చెయ్యి నూలుపోగంత జరిగినా కంటికి తెలిసిపోతుంది. బరువుంటే పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను ఆ బరువే మింగేస్తుంది. ట్రిగ్గర్ తేలికగా ఉంటే వేలు అదరదు. అందుకే అది గురికి మంచిది, అందుకే నడుముకి పనికిరాదు. నడుముకి కావలసింది పొట్టిదీ తేలికైనదీ, చొక్కా కింద కనపడనిదీ, పొరపాటున వేలు తగిలినా కదలనంత గట్టి ట్రిగ్గర్ ఉన్నదీ. అది పేలితే మణికట్టు అదిరిపోతుంది, పదిహేను అడుగులు దాటితే గురి చెయ్యి తిరిగినవాడికే కుదురుతుంది. రెండు పనులున్నవాడు రెండు తుపాకులు కొనుక్కోవాలని హవల్దారు తేల్చాడు. చట్టమూ అడ్డు రాదు. ఒకరి పేర మూడు ఉండొచ్చన్నదాన్ని 2019లో సవరించి రెండుకి తగ్గించారు కానీ, రెండైతే ఉండొచ్చు.

వ్యాపారికి రెండు ధరలు చెల్లించడం రుచించలేదు. బేరం ఆడినట్టే మధ్యే మార్గం పట్టాడు. మరీ పొడుగూ మరీ పొట్టీ కాని పాయింట్ ముప్ఫైరెండు రివాల్వర్ ఒకటి తీయించి, రెండు పనులూ దీనితోనే వెళ్లదీస్తానని కొన్నాడు. కుర్ర రైతు ఆ సమయానికి ఆయనకి గుర్తు రాలేదు.

మొదటి ఆదివారం రైఫిల్ క్లబ్బుకి వెళ్లాడు. మొదటి గుండుకే చెయ్యి అదిరింది. రెండోసారి పేలకముందే కళ్లు మూసుకుపోయాయి, చెయ్యి దానంతటదే కిందికి దిగింది. గుళ్లు అట్ట నిండా చిక్కుడు గింజలు చల్లినట్టు పడ్డాయి. తూటా తూటాకీ అయ్యే ఖర్చు ఆయన మనసులో టిక్కీల్లోకి మారిపోతుండేది. నాలుగు ఆదివారాలు వెళ్లి ఊరుకున్నాడు. బుడగల కొట్టు సంతోషం ఒక్కసారి కూడా రాలేదు.

నడుము సంగతి ఇంకా ఘోరం. బయట తిరిగేటప్పుడు తుపాకీ ఒరలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, ఎప్పుడూ తన అదుపులోనే ఉండాలి. 2016 నియమాలు చెప్పేది అదే. ఆయన పంచె మనిషి. పంచె ముడికి రివాల్వర్ బరువు ఆగలేదు. ఆ వయసులో ప్యాంటు కుట్టించుకున్నాడు, వెడల్పు బెల్టు కొన్నాడు, మార్చి ఎండలో వదులు చొక్కా మీద ఇంకో చొక్కా తొడిగాడు. నిలబడితే ఏమీ కనపడేది కాదు. టిక్కీ ముందు వంగగానే వీపు మీద చొక్కా బిగిసి, నడుము దగ్గర గూనిలా లేచేది. ముందు ఒక హమాలీ చూశాడు. సాయంత్రానికి కాటాల దగ్గరంతా తెలిసింది. వారం తిరక్కుండా, యార్డులో దాచిపెట్టిన తుపాకీ ఉన్నది ఎవరి దగ్గరంటే టీ కొట్టు పిల్లాడు కూడా ఆయన్నే చూపించేవాడు.

దాంతో ఆయన వంగడం మానేశాడు.

టిక్కీల ముందు నిటారుగా నిలబడి గుమాస్తా చేత కాయలు తీయించి చూసేవాడు. గుమాస్తా పైపైన ఉన్నవి తీసి ఇచ్చేవాడు. పైకాయ ఎక్కడైనా గలగలమంటుంది. ఆ సీజన్లో ఆయన ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ కొననంత తేమ సరుకు కొన్నాడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి నాలుగు నెలల తరవాత విప్పితే టిక్కీల నడిమధ్యన కాయ నల్లబడి బూజు పట్టి ఉంది. పత్తి వ్యాపారి దగ్గర దొంగలు లాక్కున్నదానికి పది రెట్లు, నడుముకి తుపాకీ ఉండగానే, ఒక్క దొంగ ఎదురు పడకుండానే పోయింది.

ఇంట్లోనూ ఇదే వరస. తుపాకీ ఇనప బీరువాలో తాళం వేసి ఉండాలి. ఇల్లాలు తన నగలకి ఆ పక్కన చోటు వద్దని వాటిని పుట్టింటికి పంపేసింది. ఎండాకాలం సెలవులకి మనవలు వస్తే ఆయన తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పడుకునేవాడు, రాత్రికి రెండుసార్లు లేచి తడుముకునేవాడు. బావమరిది కొడుకు పెళ్లిలో పదిమందీ చేరి గాల్లోకి ఒక్కటి పేల్చమని పీకల మీద కూర్చున్నారు. సంబరానికి పేల్చి పక్కవాళ్ల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చని 2019 సవరణ వచ్చాక ఎవరో చెప్పింది గుర్తొచ్చి, భోజనం కూడా చెయ్యకుండా వచ్చేశాడు. ఆ మాట చుట్టాలు ఇప్పటికీ దెప్పుతారు. డబ్బుకి కాపలా అని తెచ్చినదానికి తనే కాపలావాడయ్యాడు, రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమని కబురొచ్చింది. యార్డు కిటకిటలాడే రోజులు, సంచి బరువెక్కే రోజులు, తుపాకీ దేనికోసం కొన్నాడో సరిగ్గా ఆ రోజులు. ఆయన గుండె దిటవు చేసుకుని అప్పగించి రసీదు జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పంచె కట్టుకుని యార్డుకి వెళ్లాడు. అలవాటు కొద్దీ టిక్కీ ముందు వంగాడు. చెయ్యి మోచేతి దాకా వెళ్లింది. కాయ చెవి దగ్గర ఆడిస్తే గింజ పలికింది. ఆయన అక్కడే కాసేపు అలా వంగి ఉండిపోయాడు.

తుపాకీ లేదు గనక మిగతా దారులు వెతికాడు. రైతుల డబ్బు వాళ్ల బ్యాంకు ఖాతాల్లోకే పంపించాడు, సంచి మోయడం మానేశాడు. పొద్దు వాలకముందే తోటి వ్యాపారితో కలిసి బయల్దేరాడు. మే 13న పోలింగు అయ్యేదాకా, ఆ తరవాత లెక్కింపు అయ్యేదాకా కూడా హాయిగా నిద్రపోయాడు. రివాల్వర్ తిరిగి చేతికొచ్చాక, లైసెన్సు ఇచ్చినవాళ్లకి ముందుగా తెలియజేసి డీలరుకే అమ్మేశాడు.

వచ్చిన డబ్బులో కొంత పెట్టి గాలి పిస్తోలు కొన్నాడు. నాలుగున్నర మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లు దాటని శక్తి ఉన్నదానికి లైసెన్సే అక్కర్లేదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పది మీటర్ల పోటీలో వెండి పతకం గెలిచింది గాలి పిస్తోలుతోనే. పది మీటర్ల దూరాన పది మార్కుల చుక్క పదకొండున్నర మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. దానికి తన్నూ లేదు, పెద్ద చప్పుడూ లేదు. ఊపిరి సగంలో బిగబట్టి, మిరపకాయ తుంచినంత నిదానంగా వేలు నొక్కడమే. మొదటి రోజు పది గుళ్లకి నాలుగు నల్ల వలయంలో పడ్డాయి. ఎవరో భుజం తట్టినట్టయి వెనక్కి చూశాడు, ఎవరూ లేరు.

తరవాతి విత్తనాల కాలానికి కుర్ర రైతు మళ్లీ అరుగెక్కాడు. వ్యాపారి ఈసారి నవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని టీ తెప్పించాడు.

కథ ఇంతే. కారమా రంగా అని ఊరందరినీ అడిగినవాడు తనని తాను అడగలేదు కాబట్టి, భయానికీ సరదాకీ కలిపి ఒకే ఇనుము కొని రెండూ పోగొట్టుకున్నాడు. సరదాకి దాని పనిముట్టు దానికి ఉంది, భయానికి మాత్రం చాలాసార్లు పనిముట్టు అక్కర్లేదు, మోస్తున్న సంచి దించితే చాలు. వంగి చూసే పనివాడిని నిటారుగా నిలబెట్టే వస్తువు ఏదైనా, అది అతని ఒంటిమీద ఉండాల్సింది కాదు.

మీలో ఎవరికైనా అలాంటి ఆలోచన ఉంటే, తుపాకీ ఎందుకని అడిగే ఆ గడి దగ్గర కలం ఆపి ఒక రాత్రి పడుకోండి. తెల్లారాక అందులో ఒక్క మాటే రాయాలనిపిస్తే రాయండి. రెండు మాటలు తోస్తే ఆ కాగితం మడిచి పెట్టండి.