అధికారి యెవ్వడు?

మన పూర్వులు ఏ శాస్త్రమునైనను ఆరంభించుటకు ముందు శిష్యునికి నాలుగు సంగతులు తెలియవలెనని నియమించిరి: ఈ విద్యకు విషయమేమి, దీనివలన ప్రయోజనమేమి, శాస్త్రమునకును విషయమునకును గల సంబంధమెట్టిది, దీని నభ్యసించుటకు అధికారి యెవ్వడు అని. వేదాంతులు దీనినే అనుబంధ చతుష్టయమనిరి. ఈనాడు పదవ తరగతి ముగించి ఇంజనీరింగునకై ఇంటర్మీడియేటులో ఎం.పి.సి.లో (గణిత, భౌతిక, రసాయన శాస్త్రములలో) చేరుచున్న మన బాలబాలికలకు ఈ నాలుగింటిలో ప్రయోజన మొక్కటియే, అదియును జీతము రూపమున, ఇంటను బడిలోను నిత్యము వినబడుచున్నది. తక్కిన మూడింటి మాట యెత్తువారు అరుదు. ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకునే అధికారమని మనము భ్రమించుచున్నాము.

పూర్వము వడ్రంగి యింట, కమ్మరి యింట పుట్టిన బిడ్డ పనిముట్ల నడుమ పెరిగి, వృత్తి చేపట్టుటకు ముందే దాని కష్టసుఖములను కన్నులార చూచెడివాడు. అయితే అధికారమును జన్మమే నిర్ణయించెడిది, తక్కినవారికి తలుపు మూసెడిది. ఆ యన్యాయమును విడనాడుట ధర్మమే. విచారకరమైన దేమనగా, దానితోపాటు ఆ పూర్వపరిచయమును గూడ మనము పోగొట్టుకొంటిమి. దానిని మరల సమకూర్చవలసినది ఉన్నత పాఠశాలయే.

ఇందులకు గొప్ప యంత్రాగారము లక్కరలేదు. తొమ్మిదవ తరగతి పిల్లలను వానకాలమునకు ముందు ఊరి చెరువుకట్ట మీదికి తీసికొనిపోయి, అలుగును చూపి, అది కట్టకంటె ఎంత పల్లముగా నున్నదో కొలువుడని చెప్పిన చాలును. మిగులునీరు పోవుట కది యున్నదని ఎవరైనను చెప్పుదురు. ఎంత నీరు? ఎగువనుండి ఎన్ని యెకరముల నేలపై కురిసిన వాన ఈ చెరువునకు చేరునో లెక్కింపవలెను. ఏ వాన? నిరుటిదా, తాతలు చెప్పుకొను పెద్దవానయా, ఇంతవరకు ఎవ్వరును చూడనిదా? ఇచట గణితము నిలిచి వేరొక ప్రశ్న తల యెత్తును. అలుగుపై ఇసుక బస్తాలు పేర్చినచో మరికొన్ని యెకరములు పండును. కాని కట్టకు ముప్పు పెరుగును. దిగువ నిద్రించుచున్న అపరిచితుల ప్రాణమును ఎంత యపాయమునకు లోనుచేయుటకు నాకు హక్కు కలదు? ఇంజనీరు వృత్తికి విషయము నిజముగా ఇదియే యని నా విశ్వాసము. ఈ ప్రశ్న యెవని మనస్సున నాటుకొని వదలదో వాడే అధికారి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు, ఎగువనున్న చెరువులు పెక్కు తెగుటయు ఆ విపత్తును పెంచెను. మరుసటి యేడు వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది పైభాగమున జలాశయములు నిర్మించి వరదను పట్టి యుంచవలెనని సూచించిరి. 1920లో మూసీపై ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీపై హిమాయత్ సాగర్ పూర్తియైనవి. ఈ కథను చెరువుకట్టపై విన్న బాలునికి త్రికోణమితి ఎందులకో వేరుగా బోధింపనక్కరలేదు.

ఇట్టి పరిచయమునకై ఇప్పటికే కొన్ని పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు వెలసినవి. చేతులకు పని నేర్పునవి గనుక మంచివే. అయినను బొమ్మ రోబో చెడిపోయినచో ఎవ్వరికిని కీడు లేదు గనుక, బాధ్యత యను సగభాగము అచట కానరాదు. పదునైదేండ్ల వారిపై ఇంత బరువు మోపవచ్చునా యని కొందరు శంకింతురు. జీవితమార్గము నెన్నుకొమ్మని మనము నిర్బంధించుచున్నది ఆ వయస్సుననే కదా!

కట్టమీద నిలిచి, నాకీ లెక్కలకంటె వరదను చూచిన ముసలివారి జ్ఞాపకములే ప్రియమని యొక బాలిక చెప్పినచో, ఆమెను చరిత్ర చదువనిండు; ఆ దినము ఆమెకు వ్యర్థము కాలేదు. ఆనాడు తల్లిదండ్రులను గూడ కట్టమీదికి పిలువవలెను, ఏలయన పెక్కిండ్లలో ఎం.పి.సి. యను నిర్ణయము పిల్లలది కాదు, వారిదే.