పేరు కత్తిరించిన ముఖం

జెల్ ప్లేటు మీద ఇప్పటిదాకా ఓ నలభై ప్రింట్లు తీసి ఉంటాను. చూసినవాళ్లందరికీ నచ్చింది ఒక్కటే. అందులో ఉన్న మనిషెవరో, తీసిన రోజున నాకు తెలియదు.

ముందు పని సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత వచ్చే గొడవ అర్థం కాదు. ఎచింగ్ చెయ్యాలంటే లోహపు పలక, యాసిడ్, ప్రెస్సు కావాలి. లక్ష్మా గౌడ్ అంతటివాడికి కూడా ఆ విద్య బరోడా వెళ్లాకే అబ్బింది. జెల్ ప్లేటుకి ఇవేవీ అక్కర్లేదు. మెట్‌పల్లిలో మా వంటింట్లో జిలటిన్ పొడి, మెడికల్ షాపులో కొన్న గ్లిజరిన్, నీళ్లు కలిపి సన్న మంట మీద కరిగించి, పళ్లెంలో పోసి, పైన తేలిన బుడగల్ని కాగితం ముక్కతో పక్కకి లాగేస్తాను. పొద్దున్నకి గట్టిపడుతుంది. (జిలటిన్ పశువుల తోళ్లు, ఎముకల నుంచి తీస్తారని అమ్మకి చెప్పలేదు. చెప్పి ఉంటే నా ప్రయోగాలు ఆ గిన్నె దగ్గరే ఆగేవి.)

దీని మీదికి ఫొటో దించడంలో ఒక తమాషా ఉంది. ప్లేటు మీద నల్ల అక్రిలిక్ రంగు పలచగా రోలర్‌తో పరిచి, తడి ఆరకముందే జిరాక్సు కాగితాన్ని బోర్లా అద్ది, వెంటనే లేపేయాలి. జిరాక్సులో నల్లగా కనిపించేది సిరా కాదు, వేడికి కరిగి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి. దానికి రంగు అంటదు. ఉత్త కాగితానికి అంటుకుని లేచి వస్తుంది. అంటే కాగితం పట్టుకోలేనిదే ప్లేటు మీద బొమ్మగా మిగులుతుంది. అది ఆరాక పైన లేతరంగు పూసి, తెల్లకాగితం వేసి, నొక్కి లాగితే ముఖం వచ్చేస్తుంది. రెండుసార్లు తిరగబడుతుంది కాబట్టి కుడి కుడిగానే, ఎడమ ఎడమగానే వస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటు దీనికి పనికిరాదు. దాన్తో ఒక నెల వృథా చేసుకున్నాను.

ఆ ముఖం పేపర్లోది. మా జగిత్యాల జిల్లా పేజీల్లో తరచూ కనిపించే రకం వార్త: గల్ఫ్‌లో చనిపోయిన మనిషి, పాస్‌పోర్టు సైజు ఫొటో, కింద నాలుగు వాక్యాలు. ఫొటో వరకే కత్తిరించి, బస్టాండు దగ్గర పెద్దది చేయించి జిరాక్సు తీయించాను. ఆ రోజు రంగు మందంగా పరిచాను. కాగితం అంతా లేపలేకపోయింది. ముఖంలో ఎడమ సగం నల్లగా మునిగిపోయి, కుడి కన్ను మాత్రం తేటగా వచ్చింది. ‘వలస’ అని పేరు పెట్టాను. స్నేహితులు ఎంత మెచ్చుకున్నారో! ఆ నలుపులో ఎడారి కనిపించిందన్నారు ఒకరు. చెయ్యి బరువుపడి మునిగిన కన్ను అది. అయినా నేను కాదనలేదు.

అమ్మ ఒక్కతే అడిగింది. "గీనె ఎవలు బిడ్డా?"

తెలియదన్నాను.

"పేరు గూడ తెల్వదా? మీ నాయన మొఖం గిట్ల చేస్తే ఊకుందునా?"

నాన్న పద్నాలుగేళ్లు మస్కట్‌లో ఉన్నాడు. అలాంటి ఫొటోయే మా ఇంట్లోనూ ఉంది.

నాకు వెంటనే తోచిన సమాధానాలు ఉన్నాయి. పేపర్లో అందరూ చూసిందే కదా. వార్హోల్ 1960లలో కారు ప్రమాదాల్లో పోయినవాళ్ల ఫొటోలు సిల్క్‌స్క్రీన్ మీద పదేపదే అచ్చువేశాడు, అవి మ్యూజియాల్లో ఉన్నాయి. ఆయన మీద కోర్టు గొడవ వచ్చింది నిజమే. ప్రిన్స్ అనే గాయకుడి ఫొటో విషయంలో 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఫొటో తీసిన లిన్ గోల్డ్‌స్మిత్ పక్షాన నిలిచింది. ఐతే ఆ తగాదా ఫొటో తీసిన మనిషి హక్కు గురించి. మా అమ్మ అడిగింది ఫొటోలో ఉన్న మనిషి గురించి.

ఆలోచిస్తే, పేపరువాళ్లు చేసిందీ నేను చేసిందీ ఒకటి కాదు. వాళ్లు ముఖం కింద పేరు, ఊరు, వయసు, ఇంట్లో ఎవరెవరున్నారో వేశారు. నేను కత్తెరతో తీసేసింది సరిగ్గా అదే. పేరు ఉంటే ఆయన ఒక మనిషి. పేరు పోతేనే నాకు ‘వలస’ దొరుకుతుంది. వేలమందికి బదులు నిలబడమని ఆయన్ని ఎవరడిగారు? 1943 కరువులో మేదినీపూర్ తిరిగిన చిత్తప్రసాద్ తను గీసిన మనుషుల పేర్లు, ఊళ్లు కూడా రాసి పెట్టుకున్నాడు. ఆ బొమ్మలతో వచ్చిన ‘హంగ్రీ బెంగాల్’ని బ్రిటిష్ ప్రభుత్వం జప్తు చేసి తగలబెట్టింది. పేర్లు రాస్తే బొమ్మ బలహీనపడుతుందని ఆయన అనుకున్నట్టు లేదు. నేను అనుకున్నాను.

పాత పేపర్లు అప్పటికే అమ్మేశాం. ఇంటర్నెట్‌లో జిల్లా పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోతే నాలుగో రోజు దొరికాడు. నాకంటే రెండేళ్లు చిన్న. ఇద్దరు ఆడపిల్లలు. కోరుట్ల అవతల ఊరు, బస్సులో గంట కూడా పట్టదు.

ప్రింటు కింద పెన్సిల్‌తో రాసిన ‘వలస’ని రబ్బరుతో చెరిపి ఆయన పేరు రాశాను. కుడివైపు నా సంతకం అలాగే ఉంది. చూస్తే, ఆయన పేరు నా బొమ్మకి శీర్షిక అయిపోయినట్టుంది. సంతకం కూడా చెరిపాను. గీతల గుర్తు కాగితంలో మిగిలింది.

"తీస్కపోయి వాళ్లకియ్యరాదు" అంటుంది అమ్మ. సగం నల్లబడ్డ ముఖాన్ని వాళ్లేం చేసుకుంటారు? అసలు ఫొటో పెద్దది చేయించి, దండ వేసి గోడకి పెట్టుకునే ఉంటారు. ఇది తీసుకెళ్తే నా మనసు తేలికపడటానికి వెళ్లినట్టవుతుంది. వెళ్లకపోతే, వాళ్ల మనిషిని వాళ్లకి తెలియకుండా దాచుకున్నట్టు.

ప్లేటుని మళ్లీ కరిగించాను. రంగు పొరలు నల్లటి పెచ్చులుగా తేలితే పాత ఖద్దరు గుడ్డలో వడపోశాను. ప్రింటు మాత్రం బీరువాలో అమ్మ చీరల మధ్య ఉంది. ఆదివారం పోతానని చెప్పాను. రెండు ఆదివారాలు అయిపోయినై.